తొడిమల మిషను

మంగళవారం

తొడిమలు తీసే మిషను ఈరోజు మొదలుపెట్టాం. గంటలోనే మిరపకాయలు పెళపెళా విరిగి, గింజలన్నీ కిందికి రాలాయి. ఏళ్లుగా మా దగ్గర చేత్తో తొడిమలు తీస్తున్న సామ్రాజ్యం గోడవార నిలబడి చూసింది.

"ఎండుకాయ విరిగిపోదా అండీ? మేమైతే ముందురోజే నీళ్లు చల్లి గోతాలు కప్పుతాం. తెల్లారేసరికి మెత్తబడుద్ది."

ఆ సంగతి నాకూ తెలుసు. మిషనుకీ అది కావాలని తట్టలేదు. కొనేముందు ఎన్ని మీటింగులు పెట్టాను, ఒక్కదానికైనా ఈమెను పిలిచానా.

సాయంత్రం రేపటి కాయల మీద తనే నీళ్లు చల్లింది. వెళ్తూ, "రేపు మేం రావాలాండీ?" అంది.

రమ్మన్నాను. ఎల్లుండి సంగతి ఆమె అడగలేదు. అడిగితే ఏం చెప్పేవాణ్ణో...

రేపు మిషను నడిస్తే పోయేది తన పనేనని ఆమెకు తెలియదా? తెలిసే కప్పింది గోతాలు. అంచులు లాగి మరీ కప్పింది.