తొమ్మిదో పాట

ఆర్మూర్,
మే 18

నీలక్కకు,

తమ్ముడు భూమేశ్వర్ దండాలు పెట్టి రాస్తున్నాడు. ఫోనుండగా ఈ ఉత్తరమేంటని నవ్వకు. పాట ఊసెత్తితే చాలు, నువ్వు ఫోను పెట్టేస్తావు. కాగితాన్నయితే చించేలోపు నాలుగు ముక్కలైనా చదువుతావని నా ఆశ.

ఇంటికి రంగులేయిస్తూ అటక మీది సామాను దింపితే, అమ్మ చీరల మూట కింద మన రికార్డు దొరికింది. అదే, "పసుపు పంట". తొమ్మిది నెలల పంట కథంతా తొమ్మిది పాటల్లో చెప్పిన పెద్ద నల్ల పళ్లెం. హైదరాబాద్ నుంచి వచ్చినాయన బడి గది కిటికీలకు బొంతలు కట్టి, చేలల్లో పాడే మీ పన్నెండు మంది ఆడవాళ్ల చేత పాడించి తయారు చేసింది. అందులో నువ్వు ఒక్కదానివే పాడింది నాటు పాట, విత్తనం కొమ్ము నాటేటప్పుడు పాడేది.

అది మన ఇంటికి చేరిన రోజు మామ డిచ్‌పల్లి నుంచి ఒక వారానికి రికార్డు తిప్పే మిషను అడిగి తెచ్చాడు. వాడకట్టంతా వాకిట్లో కూర్చుంది. నాటు పాటంటే మొదటిదే కదా అని అందరం నీ గొంతు కోసం చెవులు రిక్కించాం. మొదలే కలుపు పాట వచ్చింది. ఆ వైపు ఐదు పాటలూ అయిపోయాయి, నువ్వు లేవు. రెండో వైపు తిప్పబోతే అమ్మ చెయ్యి పట్టుకుంది. అట్ట మీద పేర్లు లేకున్నా, ఇక మిగిలింది తవ్వకం పాటల వైపేనని అందరికీ తెలుసు. దుంప ఇంకా భూమిలో ఉండగా తవ్వకం పాట మన ఇంట్లో వినపడొద్దని ఆమె పట్టింపు. తవ్వకాలొచ్చేసరికి మిషను లేదు, నువ్వు అత్తగారింటికి వెళ్లిపోయావు. ఆ రెండో వైపు మనలో ఎవరూ వినలేదు.

ఆ రోజు నేనొక మాట అన్నాను. "గొంతు బాగ లేకుంటె తీసేసిండ్రు గావచ్చు." అందరి ముందే అన్నాను. పదిహేడేళ్లవాణ్ని, పెద్ద మొనగాణ్ననుకున్నాను. నువ్వు నవ్వి లేచి లోపలికి వెళ్లావు. ఆ తరువాత బతుకమ్మ దగ్గర కూడా చప్పట్లు కొట్టావే తప్ప నోరు విప్పలేదు. మనవరాలికి జోల పాడమంటే రేడియో పెట్టమన్నావు. ఇదంతా నా నోటి పుణ్యమే. సిగ్గుగా ఉంది అక్కా.

రేడియోలు బాగుచేసే ముత్తెన్న దగ్గర పాత మిషను ఉంటే నిన్న మధ్యాహ్నం రికార్డు పట్టుకెళ్లాను. రెండో వైపు వేశాడు. తవ్వకం, ఉడకబెట్టడం, మార్కెట్టు. కొమ్ములు అమ్ముడుపోయాయి, కథ అయిపోయిందని లేవబోయాను. అప్పుడు నీ గొంతు వచ్చింది. డప్పు లేదు, వెనక అందుకునేవాళ్లు లేరు. అమ్మినవి పోగా మిగిలిన విత్తనం కొమ్ము మళ్లీ మట్టిలోకి పోయే చోట ఆ హైదరాబాద్ ఆయన నీ పాట పెట్టాడు. తీసేయలేదక్కా, కథంతా నీ మీద నిలబెట్టాడు. మనం రైతులం కదా, నాటు మొదట్లో రాకపోతే ఇక లేనట్టే అనుకున్నాం. ముత్తెన్న చేతిలో పని పక్కన పెట్టి, "గీమె ఎవలన్నా?" అని అడిగాడు. మా అక్క అని చెప్పాను. మూడుసార్లు వేయించుకుని మూడుసార్లూ ఏడ్చాను.

నువ్వు రమ్మంటే మిషనూ రికార్డూ తీసుకుని వస్తాను. తిట్టాలనుకుంటే తిట్టు, కానీ ముందు ఒక్కసారి విను.

నీ తమ్ముడు,
భూమేశ్వర్


మాక్లూర్,
జూన్ 10

తమ్మీ,

నేను జవాబు రాయలేదని నీకు అన్నం సహించడం లేదట, మరదలు చెప్పింది. కొంచెం ఒళ్లు తగ్గితే మంచిదేలే అని ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే ఈ మూడు వారాలు నాకు చెయ్యాడలేదు. ముందు కోపం వచ్చింది, నీ మీద కాదు, నా మీదే. పదిహేడేళ్ల పిలగాడు అన్న మాట పట్టుకుని నలభై ఏళ్లు నోరు మూసుకుని కూర్చున్నది నేనే కదా. నీ మాట నిజమేమోనని ఎవరినీ అడగడానికి భయపడ్డాను.

మిరుగం కార్తె వాన బాగా పడింది. నిన్న మా చేనులో పసుపు నాటాం. పదిహేను మంది ఆడవాళ్లు సాళ్ల వెంట వంగి ఉన్నారు, ఎవరి ఫోను పాటలు వాళ్లవి. నేను విత్తనం కొమ్ములు అందిస్తున్నాను. ఎట్లా మొదలైందో తెలియదు, నోరు తెరిచాను. మొదటి పదం బొంగురుగా వచ్చి పైకెక్కలేదు. సిగ్గేసి ఆపబోయాను. ఆ బడి గదిలో నాతోపాటు పాడి, నాలాగే ఈ ఊరికి కోడలుగా వచ్చిన వెంకవ్వ నడుం ఎత్తి చూసింది. "ఆపకు నీలవ్వా, నీ గొంతు ఇనక ఎన్నేండ్లాయె" అని తనే అందుకుంది. రెండో చరణానికి ఫోన్లన్నీ ఆగిపోయాయి, పదిహేను గొంతులు కలిశాయి. పక్క చేనువాళ్లు పని వదిలి గట్టు మీదికి వచ్చారు. పాడాను తమ్మీ. నాకు ఎంత సంతోషమైందో నీకెట్లా రాయాలి? మూడు చరణాలూ పాడాను, అక్కడ కూడా ఆగలేదు.

నీ రికార్డులో మూడే ఉంటాయి. నాలుగోది ఎత్తుకోబోతే రికార్డులో ఇంక చోటు లేదని ఆ హైదరాబాద్ ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. నిన్నటిదాకా అది ఎవరికీ వినిపించలేదు, ఇప్పుడు నీకు రాస్తున్నాను:

అమ్మినదంత ఊరిదమ్మా,
ఒడిలో మిగిలింది నాదమ్మా.

వచ్చే ఆదివారం మిషను తీసుకుని రా, ముత్తెన్ననూ వెంటబెట్టుకుని రా. నా పాట చివరిదాకా తిరగనివ్వండి. సూది లేచాక మాత్రం ఎవరూ మాట్లాడొద్దు. మిగతాది నేను పాడతాను.

నీ అక్క,
నీలవ్వ