మేనేజరు పడుకోని చోటు

ఎండ సంగతి చూసే ఆఫీసువారికి,

బట్టలు కుట్టుకుని బతికే మనిషిని, నమస్కారం చేసి రాస్తున్నాను.

బస్సు ఆగేచోట మీ కాగితం అంటించి ఉంది. వేడి ఎక్కువగా ఉన్న వీధులకు నగర నిధి నుంచి సాయం చేస్తారట, డేటాతో దరఖాస్తు పెట్టుకోవాలట. మాది రేకుల కప్పు. మధ్యలో పలచటి గోడ. ఇటు నా కుట్టుమిషను, అటు మా మరిది ఇస్త్రీ కొట్టు. పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం గోడ అవతల ఇస్త్రీపెట్టె చప్పుడు ఆగిపోయింది. వెళ్లి చూస్తే మరిది నేల మీద ఉన్నాడు. మొహాన నీళ్లు కొడితే కళ్లు తెరిచి, "వదినా, బొగ్గులు తడిశాయేమో చూడు" అన్నాడు. మా ఆయన పోయాక నాకంటూ మిగిలింది అతనొక్కడే. ఈ వేసవి ఎలాగైనా దాటించాలి.

ఇంతకీ డేటా అంటే ఫోనులో వేయించుకునేదేనా? మాకు సాయంత్రానికే అయిపోతోంది. మీకు పంపేంత మిగలదు.

ఇట్లు,
మిషను వదిన (వీధిలో అందరికీ నేను వదిననే)

తా.క. ఈ ఉత్తరం సంగతి మరిదికి తెలియదు. తెలిస్తే "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను" అంటాడు. పడ్డప్పుడు చప్పుడు కూడా అలాగే వచ్చింది.

*

అమ్మా,

మీ ఉత్తరం అందినది. డేటా అనగా ఫోనుకు సంబంధించినది కాదు. ఒకే పద్ధతిలో పరిశీలించి, తేదీ, సమయం వేసి వరసగా రాసిన సమాచారము. మీ వీధిలో నమ్మకమైన పరిశీలకుడిని ఒకరిని నియమించుకుని, నలభై రోజుల వివరాలు పంపవలెను. పరిశీలకుడు వీధి అంతా తెలిసినవాడై, ఏ ఇంటి పక్షమూ వహించనివాడై ఉండవలెను. ఆయన పేరు, అనుభవము తెలుపగలరు.

మరొక మాట. తా.క. కింద రాసిన విషయాలు ఫైలులో చేర్చబడవు. ఫారములో వాటికి గడి లేదు. కనుక మేము వాటిని చదవము.

ఇట్లు,
గుమాస్తా, నగర నిధుల విభాగము

*

గుమాస్తా బాబుకు,

ఆశీస్సులు. మీరు చెప్పిన లక్షణాలన్నీ ఉన్నవాడు మా వీధిలో ఒకడే ఉన్నాడు. పేరు మేనేజరు. పొద్దున్నే ప్రతి ఇంట్లోకీ వచ్చి, ఒకసారి అంతా కలయజూసి, ఏ పనీ చేయకుండా వెళ్లిపోతాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. ఏడేళ్లుగా ఇక్కడే ఉన్నాడు. అన్నం పెట్టినవాళ్లనీ చీపురు విసిరినవాళ్లనీ ఒకే చూపు చూస్తాడు. అతని పద్ధతి తేలిక. వీధిలో ఆ గంటకి ఎక్కడ చల్లగా ఉంటే అక్కడ పడుకుంటాడు. నేను మిషను ఆపి, కిటికీలోంచి చూసి రాసుకుంటాను. మచ్చుకు ఒక రోజుది పంపుతున్నాను.

పది గంటలు. బొమ్మల మాస్టారి గుమ్మం. గచ్చు ఇంకా రాత్రిని దాచుకుని ఉంది.

పన్నెండు. నీళ్ల తొట్టి వెనక. తొట్టి అంచు నుంచి ఒక్కొక్క చుక్కే పడుతోంది. పడేలోపల ఆరిపోతుందేమో అనిపించింది.

రెండు. చెప్పులు కుట్టే తాత మెట్ల కింద. వీధిలో ఎవరూ లేరు. ఆరేసిన దుప్పటి ఊపిరి బిగబట్టినట్టు ఉంది. కాసేపు వీధి నీళ్లలో మునిగి ఉందనీ, నేను పైనుంచి చూస్తున్నాననీ అనుకున్నాను.

ఇట్లు,
మిషను వదిన

తా.క. మేనేజరు పిల్లి. దాచిపెట్టినట్టు కాకూడదని చెబుతున్నాను.

*

అమ్మా,

మీ వివరాలు మా విభాగంలో అందరూ చదివారు. "గచ్చు రాత్రిని దాచుకుని ఉంది" అన్నదానికి ఎన్ని డిగ్రీలు వేయాలో తెలియక ఇరవై ఎనిమిది వేశాము.

అయితే పరిశీలకుడు విధి నిర్వహణలో ఒక్క రోజులోనే మూడుసార్లు పడుకున్నట్టు గమనించి పై అధికారి అభ్యంతరం తెలిపినారు. ఆయన ఆరోగ్యం ఎలా ఉన్నది? వేరే ఉద్యోగము ఏదైనా కలదా? జతపరచిన అంగీకార పత్రము మీద ఆయన సంతకము చేయించి, ఫొటోతో సహా పంపవలెను. గుర్తింపు కార్డు ఇస్తాము.

ఇట్లు,
గుమాస్తా

తా.క. ఇది రాయకూడదు. మా గదిలో ఏసీ ఎంత చల్లగా ఉంటుందంటే నేను స్వెట్టరు వేసుకుని మీ ఎండ గురించి చదువుతున్నాను. చదివినంతసేపూ వెచ్చగా ఉంది.

*

గుమాస్తా బాబుకు,

సంతకం అడిగారు కదా, సిరాలో ముంచి వేయించాను. ఒకటి అడిగితే నాలుగు వేశాడు. అయిదోది నా జాకెట్టు గుడ్డ మీద ఉంది. ఫొటో కూడా పెట్టాను, నిద్రలో తీసింది. పడుకోవడమే అతని పని కాబట్టి పై అధికారిగారిని కంగారుపడవద్దని చెప్పండి.

నలభై రోజులూ పూర్తయ్యాయి. నోటుబుక్కు పంపుతున్నాను, జాగ్రత్త. నిన్న మరిది మళ్లీ కళ్లు తిరిగి గోడకి జారగిలబడ్డాడు. నేను చూశానని తెలిసి, గోడ గట్టిగా ఉందో లేదో చూస్తున్నానన్నాడు.

త్వరగా ఏదో ఒకటి చెప్పండి బాబూ.

ఇట్లు,
మిషను వదిన

తా.క. ఫొటో చూశాకైనా మీకు అర్థమై ఉంటుంది.

*

అమ్మా,

ఫొటో కవరుతో సహా గుర్తింపు కార్డుల విభాగానికి పంపబడినది. మేము చూడలేదు.

మీ నోటుబుక్కులోని చోట్లన్నిటికీ మా సిబ్బంది వెళ్లి ఉష్ణమాపకంతో కొలిచి, సగటు కట్టినారు. మీ వీధి నగరంలోకెల్లా చల్లని వీధి అని తేలినది. కావున నిధి మంజూరు చేయుటకు వీలుపడదు. మీ వీధిని అభినందిస్తూ ఒక ప్రశంసాపత్రము పంపుతున్నాము.

ఇట్లు,
గుమాస్తా

*

బాబూ,

ప్రశంసాపత్రం అందింది. అట్ట మందంగా ఉంది. మరిది దాంతో విసురుకుంటున్నాడు.

ఈసారి అసలు సంగతి పైనే రాస్తున్నాను, మీ గడిలో పట్టేటట్టు. మేనేజరు పిల్లి. నాలుగు కాళ్లూ ఒక తోకా ఉన్న పిల్లి. అది వేడిచోట పడుకోదు. చల్లని చోట్లు వెతుక్కుని పడుకుంటుంది. మీరు అవి మాత్రమే కొలిచి వీధంతా చల్లగా ఉందన్నారు. ఎక్కడ పడుకుందో కాదు బాబూ, ఎక్కడ పడుకోలేదో చూడాలి. నలభై రోజుల్లో మా రేకుల కిందకి ఒక్కసారి కూడా రాలేదు. పిల్లి అడుగు పెట్టని చోట మనిషి పొద్దుటినుంచి సాయంత్రందాకా నిప్పులపెట్టె పట్టుకుని నిలబడుతున్నాడు.

మీరు ఒక్కసారి మధ్యాహ్నం రెండింటికి రండి. రాకపోతే మళ్లీ రాయను.

మిషను వదిన

*

వదినగారికి నమస్కారాలు.

మీకు చెప్పకుండా మంగళవారం వచ్చాను. ఇస్త్రీకి ఇచ్చేందుకు వేరే ఏమీ లేక నా స్వెట్టరు తెచ్చాను. మీ మరిదిగారు దాన్ని అటూ ఇటూ తిప్పి, ఈ ఎండలో మీకేం కష్టం వచ్చిందండీ అని అడిగారు. ఉన్న ఒక్క స్టూలూ నాకు ఇచ్చి తను నిలబడ్డారు. ఏడు నిమిషాలు కూర్చున్నాను. ఎనిమిదో నిమిషం నావల్ల కాలేదు.

బయటికి వచ్చి, తాతగారి మెట్ల కింద ఎవరో పడుకుని ఉంటే, పక్కన కాస్త చోటు అడిగి కూర్చున్నాను. మీ మిషను చప్పుడు దూరంగా రైలులా వినిపించింది. ఏదో చల్లటి ఊరికి టిక్కెట్టు లేకుండా వెళుతున్నట్టు కల వచ్చింది. లేచేసరికి నాలుగయింది. పరిశీలకుడు అప్పటికే తర్వాతి చోటుకి వెళ్లిపోయారు.

ఆఫీసుకి వెళ్లి మీ నోటుబుక్కు ముందేసుకుని వీధి పటం గీశాను. మేనేజరు పడుకున్న చోట్లన్నీ చుక్కలు పెడితే, చుక్క పడని చోట్లు వాటంతట అవే బయటపడ్డాయి. అన్నిటికన్నా పెద్ద ఖాళీ మీ రేకుల కప్పు. కమిటీలో పై అధికారి, "అయితే ఇన్నాళ్లూ మనం పిల్లి గురించి ఉత్తరాలు రాశామా?" అన్నారు. ఆ సంగతి మీరు మొదటి నుంచీ చెబుతూనే ఉన్నారనీ, చదవనిది నేననీ ఒప్పుకున్నాను. ఆయన పటం తనవైపు తిప్పుకుని చూశారు. తర్వాత సంతకం పెట్టారు.

రేకుల మీద తెల్లపూత, కింద రెండో కప్పు, ఎదురెదురుగా కిటికీలు, వీధికి నీడతెరలు. వచ్చేవారం పనివాళ్లు వస్తారు. పని అయ్యాక మధ్యాహ్నం రెండు గంటల వివరాలు ఒక రోజువి పంపాలి. అది మాత్రం తప్పదు.

ఇట్లు,
మీ గుమాస్తా

తా.క. ఫారములో తా.క.కు గడి పెట్టించాను. చిన్నదే. పొడుగ్గా రాయకండి.

*

గుమాస్తాగారికి,

ఈ ఉత్తరం వదిన రాయడం లేదు. నేను ఇస్త్రీ కొట్టతన్ని, ఆవిడ మరిదిని. దస్తూరీ చూసి కంగారుపడకండి.

మీ మనుషులు వచ్చి అంతా చేసి వెళ్లారు. ఈ ఉత్తరాల సంగతి నాకు నిచ్చెన గోడకి ఆనించాక గాని తెలియలేదు. నాలుగు రోజులు వదినతో మాట్లాడలేదు. అయిదో రోజు కప్పు పూర్తయింది. కోపం ఉంచుకోవడానికి కావలసినంత ఉక్క ఇప్పుడు కొట్లో లేదు.

మీరు అడిగిన వివరాలకి గడువు ఇవాళే. ఒంటిగంటకల్లా వదిన పెన్నూ కాగితం పక్కన పెట్టుకుని మిషను దగ్గర కూర్చుంది. రెండవుతుండగా మిషను చప్పుడు ఆగిపోయింది. ఇస్త్రీపెట్టె ఎక్కడ పెట్టానో కూడా తెలియదు, పరుగెత్తాను.

నిద్రపోతోంది. సగం కుట్టిన గౌను మీద చెంప ఆనించి, నోరు కొంచెం తెరుచుకుని. వదిన ఈ ఇంటికి వచ్చి ఇరవై రెండేళ్లయింది. వేసవి మధ్యాహ్నం ఆవిడ కళ్లు మూసుకోగా నేను చూడలేదు. ఒక కిటికీలోంచి గాలి వచ్చి, దారపు కొసని ఊపి, రెండో కిటికీలోంచి వెళ్లిపోతోంది. వదిన నిద్రలో ఎక్కడికి వెళ్లి వస్తోందో గాని మొహంలో తొందర లేదు. లేపబుద్ధి కాలేదు.

మధ్యాహ్నం రెండు గంటలు. ఎన్ని డిగ్రీలో నాకు తెలియదు. వదిన నిద్రపోయింది అని రాసుకోండి.

ఇట్లు,
ఇస్త్రీ మరిది

తా.క. నేను అటు వెళ్లిన సందులో మేనేజరు మా కొట్లోకి వచ్చి, మడతపెట్టిన తెల్లచొక్కాల మీద పడుకున్నాడు. అవి ఒక వకీలుగారివి. ఆయన వస్తే, చొక్కాలు ఇంకా ఆరలేదనీ, రేపు రమ్మనీ చెప్పి పంపించాను.