షోకేసుకా, జేబుకా

మార్చి 4, సోమవారం. ఉదయం 6.40

ఇవాళ నా మొగుడు నా మీదికి పిస్తోల్ ఎత్తాడు.

బట్టలు ఉతికే గదిలోంచి తువ్వాళ్ళ బుట్టతో వంటింట్లోకి వచ్చాను. స్టవ్ పక్కన నిలబడి ఉన్నాడు. ఎవరు నువ్వు అన్నాడు. చేతులు కనబడేలా పెట్టమన్నాడు. చేతుల్లో బుట్ట ఉంది, ఇంకెలా పెట్టను? హార్లన్, నేను లూని అన్నాను. రెండుసార్లు అన్నాను. అతని చెయ్యి వణకలేదు. ఎందుకు వణుకుతుంది, నలభై ఆరేళ్ళుగా రోజూ పట్టుకుంటున్నదే కదా.

తర్వాత ఏమీ జరగనట్టు పేలకుండా ఆపే సేఫ్టీ మీట కిందికి నొక్కి, ప్యాంటు కుడి జేబులో పెట్టుకుని, కాఫీ అయిందా అన్నాడు.

నేను కాఫీ పెట్టాను. నాకు ఒళ్ళు మండుతున్నది దానికే. పెట్టి ఇచ్చాను. చక్కెర కూడా కలిపాను.

మార్చి 5

రాత్రంతా పళ్ళు కొరుక్కుంటూనే ఉన్నాను. రాస్తే అయినా తగ్గుతుందేమో.

హార్లన్‌కి చిన్న పిస్తోళ్ళ పిచ్చి. పెద్దవి ముట్టడు. తూటా కొలత పాయింట్ ముప్ఫై రెండు దాటితే అది పిస్తోల్ కాదు, సామాను అంటాడు. భోజనాల గది అని కట్టించుకున్న గదిలో భోజనాల బల్ల ఎప్పుడూ లేదు, గాజు కేబినెట్ ఉంది. అందులో నలభై. జేబులో ఒకటి. మొత్తం నలభై ఒకటి. ఒక్కోదానికి ఒక్కో పసుపుపచ్చ కార్డు, పెన్సిల్‌తో, ఫ్యాక్టరీలో ఇనప అచ్చులు చెక్కిన చేతి అక్షరాలతో. ఎక్కడ తయారు, ఏ సంవత్సరం, మెరుగు ఎంత మిగిలింది, బరువు ఎంత. చివర ఒకే మాట ఉంటుంది. షోకేసుకి. లేదా, జేబుకి.

ఊళ్ళో వాళ్ళందరూ ఏది కొనాలో ఈయన్నే అడిగేవారు. చూడ్డానికి బాగున్నది షోకేసుకి, నమ్మదగ్గది జేబుకి, రెండూ ఒకదాంట్లో వెతికేవాడు వెధవ అనేవాడు. పెళ్ళయిన కొత్తలో మరి నేను దేనికి అని అడిగాను. నవ్వాడు. ఇప్పటికీ జవాబు లేదు.

జనవరిలో డాక్టర్ ఈ మతిమరుపు జబ్బు పేరు చెప్పింది. ఇంట్లో తుపాకులేమన్నా ఉన్నాయా అని అడిగింది. హార్లన్ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు. నేను చేతిసంచిలోకి చూస్తూ కూర్చున్నాను. మా మిజోరీలో ఆ ప్రశ్న, ఇంట్లో పళ్ళేలున్నాయా అని అడిగినట్టు ఉంటుంది.

కేబినెట్ తాళంచెవి తీసి మెళ్ళో వేసుకున్నాను. అతనికి పట్టలేదు. వాటిని చూసుకుంటే చాలు, తియ్యక్కర్లేదు. కష్టమంతా జేబులో ఉన్నదానితోనే.

మార్చి 9, శనివారం

డెల్మర్‌తో మాట్లాడాను. మా జిల్లాలో పాత పిస్తోళ్ళు సేకరించేవాళ్ళ క్లబ్బుకి ప్రెసిడెంట్, హార్లన్‌కి ముప్ఫై ఏళ్ళ నేస్తం. జరిగింది చెప్పి, నువ్వు చెప్తే వింటాడు, జేబులోది తీసి పెట్టమని చెప్పు అని బతిమాలాను.

నడివీధిలో మగాడి ప్యాంటు ఊడదీసినట్టు అవుతుందట. హార్లన్ బుర్ర నిక్షేపంలా ఉందట. పోయిన మీటింగులో కళ్ళకి గంతలు కడితే, పదకొండు పిస్తోళ్ళు చేత్తో తడిమి పదకొండూ చెప్పాడట. చెప్పాడు, నిజమే. ఆ మీటింగ్ నించి వస్తూ మన ఇల్లు ఏ రోడ్డులో అని నన్నడిగాడు. ఆ సంగతి ఎవరికి కావాలి?

పైగా ఒక సలహా. నువ్వూ ఒకటి పెట్టుకో హనీ, ఆడవాళ్ళ సైజుది, చిన్నది, అప్పుడు భయం ఉండదు అన్నాడు.

అంటే వంటింట్లో ఎదురెదురుగా నిలబడి మొగుడూ పెళ్ళాం ఒకళ్ళనొకళ్ళు కాల్చుకుంటే లెక్క సరిపోతుందన్నమాట.

కోపంలో నేరుగా తుపాకుల కొట్టుకి వెళ్ళాను. కౌంటర్ కుర్రాడు నా వయసు చూసి, చేతులు చూసి, అరచేతిలో ఇమిడే గులాబీ రంగుది తీశాడు. చిన్నది కదా, ఆడవాళ్ళకి తేలిక అన్నాడు. నాకు నవ్వొచ్చింది. చిన్నదానికి స్ప్రింగ్ గట్టిగా ఉంటుంది, నా వేళ్ళ కీళ్ళతో స్లైడ్ వెనక్కి లాగడమే గగనం. తేలికది కాబట్టి పేలిస్తే అరచెయ్యి చీరేస్తుంది. పట్టుకోడానికి చిటికెనవేలికి చోటుండదు. జేబుకి తేలిక, చేతికి బరువు. ఇదంతా వాడికి చెప్పాను. ఎక్కడ నేర్చుకున్నారు మేడమ్ అన్నాడు. భోజనాల బల్ల లేని ఇంట్లో అన్నాను.

మార్చి 12

మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ కాఫీ. మళ్ళీ జేబు.

మార్చి 17, ఆదివారం. మధ్యాహ్నం 2.30

అతను పడుకున్నాడు. వంటింటి తక్కెడ మీద పిస్తోళ్ళు తూచాను. పిండి తూచే తక్కెడ. మా అమ్మ చూస్తే మూర్ఛపోయేది.

జేబులోది దాచెయ్యొచ్చు కదా అంటారు. ఫిబ్రవరిలో దాచాను. రెండు రోజులు ఇల్లంతా తిరగేశాడు, పరుపులు చీరాడు, దొంగలు పడ్డారని షెరిఫ్ ఆఫీసుకి ఫోన్ చేశాడు. గ్యారేజీలో కూర్చుని పసివాడిలా ఏడ్చాడు. నేనే తీసుకెళ్ళి, సోఫా కింద దొరికిందని చెప్పి ఇచ్చాను. అంచేత జేబు ఖాళీగా ఉండకూడదు. జేబులో ఉన్నది పేలకూడదు. నాకు కావలసింది ఈ రెండే.

జేబులోది తీసి, పేలకుండా చేసిన ఇంకొకటి పెడదామని చూశాను. బేబీ అని బెల్జియంది, పాయింట్ ఇరవై అయిదు. పది ఔన్సులకి చుక్క తక్కువ. అందమైనది, గడియారంలా ఉంటుంది. జేబులో వేస్తే మర్నాడే తెలిసిపోతుంది, సగం బరువు మాయం. కోల్ట్ వాళ్ళ వెస్ట్ పాకెట్, పదమూడు. కొంచెం నయం, కానీ అతనిదానికంటే పలచన, తొడకి తెలుస్తుంది. ఆ మధ్య మోజుపడి కొన్న ప్లాస్టిక్ ముప్ఫై రెండు, ఏడు ఔన్సులు కూడా లేదు. సబ్బుబిళ్ళ. కార్డు మీద అతనే రాశాడు: మనిషికి ఉందన్న ధైర్యం కూడా ఇవ్వదు.

అతను మోసేది జర్మన్ వాల్థర్, 1938ది, ముప్ఫై రెండు. ఖాళీగా ఇరవై ఒక్క ఔన్సులు. షోకేసులో ఉండాల్సిన ముక్కని జేబులో వేసుకు తిరుగుతాడని క్లబ్బంతా ఆడిపోసుకుంటుంది. అంచుల్లో నలుపు పోయి తెల్లబడింది. గొట్టంలో తూటా ఉంటే వెనకవైపు ఒక సన్నని మొన బయటికి వస్తుంది, గింజంత. జేబులో చెయ్యి పెట్టి బొటనవేలితో ఆ మొనని తడుముతూ ఉంటాడు. చర్చిలో, బ్యాంకులో, నాతో పోట్లాడేటప్పుడు. ఉత్తుత్తి తూటాలు పెడదామంటే కుదరదు. ఆదివారం ఆదివారం విప్పి, తూటాలు ఒక్కొక్కటీ తుడిచి మళ్ళీ పెడతాడు.

పెళ్ళాం పేరు మర్చిపోతాడు, పిస్తోల్ బరువు మర్చిపోడు. తక్కెడ విసిరికొట్టాలనిపించింది. కొట్టలేదు. నా తక్కెడ అది.

మార్చి 22

ఎమెట్ దగ్గరికి వెళ్ళాను. తుపాకులు బాగుచేసే ఎమెట్, పశువుల దాణా అమ్మే ఫీడ్ స్టోర్ వెనక షెడ్డు. ఎక్కువ మాట్లాడడు. మొత్తం విని, మీకు దెబ్బలేమన్నా తగిలాయా అని అడిగాడు. ఇన్నాళ్ళకి ఆ మాట అడిగిన మొదటి మనిషి.

తూటాని కొట్టి పేల్చే ఫైరింగ్ పిన్ కొస అరగదీసెయ్యి అన్నాను. తూటాకి తగలదు, పేలదు, బయటికి ఏమీ తెలీదు.

ఒప్పుకోలేదు. పిస్తోల్ పుట్టినప్పటి పిన్ అట, అరగదియ్యడం పాపమట. కొత్తది పొట్టిగా చేసి వేస్తాడట, పాతది కవర్లో పెట్టి తేదీ రాసి ఇస్తాడట. పాతవి సేకరించేవాళ్ళు అంతే చేస్తారట. నేను అరిచాను. అది నా తలకి గురిపెట్టిన వస్తువు, నువ్వు దాని పుట్టుమచ్చల గురించి ఏడుస్తున్నావా అన్నాను. షెడ్డు బయట కుక్క మొరిగేంత గట్టిగా అరిచాను.

నేను ఆగేదాకా ఆగాడు.

“లూయెల్లాగారూ, ఆ పిన్ను పాడుచేస్తే హార్లన్‌కి కోపం వస్తుంది. తీసి జాగ్రత్తగా పక్కన పెడితే రాదు.”

హార్లన్‌కి తెలియకూడదనే కదా ఇదంతా అన్నాను. భుజాలెగరేశాడు.

ఏప్రిల్ 3, బుధవారం

అయిపోయింది.

ఇవాళ తలకి స్కాన్. ఒంటి మీద ఇనుము ఉండకూడదు. బెల్టు, ఉంగరం, పిస్తోల్. కార్లో పెట్టెలో పెట్టి తాళం వేశాడు, తాళంచెవి నాకిచ్చి నమ్మకంగా చూశాడు. ఆ చూపు చూడకపోయినా బాగుండేది.

ఎమెట్ వ్యాను ఆస్పత్రి పార్కింగులో, మూడో వరసలో. నలభై నిమిషాలు. దొంగసరుకు అందించినట్టు తువ్వాలులో చుట్టి ఇచ్చాను, తువ్వాలులో చుట్టి తెచ్చుకున్నాను.

హార్లన్ వస్తూనే జేబులో వేసుకున్నాడు. బొటనవేలు మొన మీదికి వెళ్ళింది. ఆకలేస్తోంది, హాంబర్గర్ తిందాం అన్నాడు.

పాత పిన్ను కవర్ నా వంటకాల కార్డుల డబ్బాలో దాచాను, పెకాన్ పై అనే పప్పుల మిఠాయి కార్డు వెనక. నలభై ఆరేళ్ళలో ఆ డబ్బా మూత అతను తియ్యలేదు. ఆ మిఠాయి ఎలా వస్తుందో అతనికి తెలీదు, వస్తుందని తెలుసు.

ఏప్రిల్ 7, ఆదివారం

చర్చి నించి వచ్చాక విప్పి తుడిచాడు. నేను సింకు దగ్గర ఒకే గిన్నె పది నిమిషాలు తోమాను. కిటికీ వెలుగులోకి ఎత్తి చాలాసేపు చూశాడు. బరువు మారలేదు లూ, అన్నాడు. ఎందుకు మారుతుంది అన్నాను. మళ్ళీ కూర్చి, జేబులో వేసుకుని, పసుపుపచ్చ కార్డులు రాసుకునే బల్ల దగ్గరికి వెళ్ళాడు.

ఇవాళ నా పేరు తెలుసు.

ఏప్రిల్ 26

బాగానే ఉన్నాం. రెండుసార్లు సాక్సులు ఫ్రీజర్లో దొరికాయి. డెల్మర్ ఫోన్ చేసి హనీ అన్నాడు, పెట్టేశాను.

మే 11, శనివారం. ఉదయం 7

నొక్కాడు.

అదే వంటింట్లో, అదే చోట. నా ఇంట్లోంచి పో అన్నాడు. నా పెళ్ళాం లేస్తుంది, పో అన్నాడు. నేనేరా నీ పెళ్ళాన్ని అన్నాను. ట్రిగ్గర్ నొక్కాడు. టక్కుమంది. గడియారం ముల్లు కదిలినంత చప్పుడు.

ఇద్దరం నిలబడిపోయాం. పిస్తోల్ వంక చూశాడు, నా వంక చూశాడు. చెయ్యి దించాడు. జేబులో పెట్టుకుని వెళ్ళి మంచం అంచు మీద కూర్చున్నాడు.

నేను వంటింటి గట్టు మీద ఉన్న పళ్ళేలన్నీ పగలగొట్టాను. ఆరు. ఒక్కొక్కటి తీసి, గోడకేసి. అతను రాలేదు. చీపురు తెచ్చి నేనే ఊడ్చాను. డాక్టర్ మీద కోపం, డెల్మర్ మీద కోపం, ఆ పిస్తోల్ చేసిన జర్మన్ల మీద కోపం. ఏప్రిల్ 3 తారీఖున నేను జాలిపడి మానేసి ఉంటే ఈ లైను రాసే మనిషి లేదు. దాని మీద అన్నిటికంటే కోపం.

ఇవాళ కాఫీ పెట్టలేదు.

మే 18

డెల్మర్ వచ్చాడు. ఎమెట్ చెప్పలేదు, తనే కనిపెట్టాడు. తను చూపించమంటే హార్లన్ తీసి చూపించాడట, పిస్తోల్ వెనకున్న సుత్తి లాగి చూస్తే కొత్త పిన్ను లోహం మెరిసిందట. వరండాలో నిలబడి నన్ను కడిగేశాడు. ఎనభై ఏళ్ళ వస్తువుని పాడుచేశానట. మగాడి పరువు తీశానట. జేబులో శవాన్ని మోయిస్తున్నానట.

“పోయిన శనివారం నా మీద నొక్కాడు. ఆ పాత పిన్నే ఉండుంటే ఇవాళ నువ్వు నా సమాధికి పూలు తెచ్చుండేవాడివి, డెల్మర్. హనీ అని రిబ్బను కూడా కట్టించేవాడివి.”

టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. హార్లన్ విన్నాడా అని అడిగాడు. లోపల నిద్రపోతున్నాడు అన్నాను. మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకుని దిగాడు. నాకు జాలి వెయ్యలేదు.

మే 30

హార్లన్ మాట్లాడ్డం తగ్గించాడు. రోజూ ఉదయం నాకంటే ముందు లేచి, హాల్లో నిలబడి, లూ, నేను హార్లన్‌ని, వంటింట్లోకి వస్తున్నాను అని అరిచి మరీ వస్తున్నాడు. ఇదేం వేషం అని విసుక్కున్నాను.

జూన్ 9, ఆదివారం

చర్చి భోజనాలకి పెకాన్ పై చేద్దామని డబ్బా తీశాను. పెకాన్ పై కార్డు వెనక కవర్ ఉంది. కవర్ వెనక పసుపుపచ్చ కార్డు. అతని పెన్సిల్.

*వాల్థర్, 1938. ఏప్రిల్ 7: పిన్ను కొత్తది, పొట్టిది. ఎమెట్ పనితనం, బాగుంది. పాతది ఇక్కడ క్షేమం. పేలదు. బరువు అదే. జేబుకి.*

కింద ఇంకో లైను, అక్షరాలు కొండెక్కి దిగినట్టు.

*మే 11: లూ మీద నొక్కాను. పేలలేదు. జేబుకే.*

పిండి చేతులతోనే నా డబ్బాలోంచి ఒక ఖాళీ కార్డు తీశాను. రాసి దాని వెనక పెట్టాను.

*హార్లన్ స్టాడర్డ్, 1944. మెరుగు చాలా పోయింది. పేలుతుంది. జేబుకి.*