కొండ మలుపులో కొత్త స్ప్రింగులు

చి॥ల॥సౌ॥ కోడలికి,

అత్తయ్య ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ ఆయనా క్షేమం. ప్రతి ఉత్తరంలోనూ ఈ మాట చెయ్యి దానంతటదే రాసేస్తుంది. ఈసారి మాత్రం ఆగి, ఆలోచించి, నిజమే కదా అని చూసుకుని రాశాను. అక్కడ నువ్వు వేళకి తింటున్నావనీ, ఇంజను గది వేడి కాస్త తగ్గిందనీ అనుకుంటున్నాను. మీ ఓడలో కొత్తగా చేరబోయే ఇంజనీరు చేతికిచ్చి ఈ కవరు పంపుతున్నాను. ఫోనులో చెప్పొచ్చు కదా అంటావేమో. నేను ఫోను ఎత్తితే చాలు, మీ ఆయన పక్కనే వచ్చి నిలబడుతున్నాడు.

నువ్వు అడిగినవాటికి జవాబులు ముందు. నా మోకాలు బాగానే ఉంది. వంటింటి కుళాయి కారడం ఆగింది. మీ ఆయన బాగుచేసినందుకు కాదు, వాడు బాగుచేసినదాన్ని ప్లంబరు వచ్చి మళ్లీ బాగుచేసినందుకు. ఇక, "కారు స్ప్రింగుల సంగతి ఎత్తితే ఆయన మాట మారుస్తున్నారు, ఏమైంది అత్తయ్యా?" అన్నావు. అవి ఇంకా రాలేదని వాడు నీకు చెప్పాడు. అది అబద్ధం. వచ్చాయి, బిగించారు కూడా. నీతో చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు. కానీ వచ్చే నెల కొండ మీది కార్ల పోటీలో ఆ స్టీరింగు ముందు కూర్చునేది నువ్వు. అందుకే ఆ మాట తప్పుతున్నాను.

కిందటేడు పోటీలో మలుపు మలుపుకీ కారు పడవలా ఒరిగిపోయిందనీ, ఒకచోట రోడ్డు దిగిపోయాననే అనుకున్నాననీ నువ్వు అన్నావు కదా. ఆ మాట వాడికి ముల్లులా గుచ్చుకుంది. నువ్వు ఓడ ఎక్కినప్పటి నుంచీ షెడ్డే వాడికి ఇల్లయింది. వాడూ మన మెకానిక్కూ, అదే ఆ పొడుగాయనా, పాత స్ప్రింగులూ షాక్ అబ్జార్బర్లూ ఊడదీసి గట్టివి వేశారు. కారు పక్కకి ఒరగకుండా పట్టి ఉంచే అడ్డ కడ్డీని కూడా మార్చి లావుది బిగించారు. చివర్లో ఒక్కో చక్రం కింద తూకం పెట్టి, బరువు నాలుగింటి మీదా సరిగ్గా పడుతోందో లేదో చూడాలన్నారు. అందుకు సీట్లో నీ అంత బరువున్న మనిషి ఉండాలట. "అమ్మా, నువ్వూ తనూ ఒకటే తూకం, రా" అన్నాడు. నా బరువు షెడ్డంతటికీ తెలిసిపోయింది.

మర్నాడు పొద్దున కొండ రోడ్డు మీద నడిపి చూద్దామంటే సరదాపడి నేనూ ఎక్కాను. పొడుగాయన తన వ్యానులో వెనకే వచ్చాడు. మొదట్లో కారు ఎంత చక్కగా తిరిగిందో! ఒరగడమన్నదే లేదు. "చూశావా అమ్మా, పట్టాల మీద పోతున్నట్టు లేదూ?" అన్నాడు. వాడి మొహం చూసి నేనూ మురిసిపోయాను.

పైన రాతిగోడ మలుపు నీకు తెలుసుగా. ఒకపక్క గోడ, ఇంకోపక్క లోయ, రోడ్డంతా అతుకులూ గతుకులూ. అక్కడికి రాగానే వెనక నుంచి టకటకమని చప్పుడు. "ఒరేయ్, వెనక ఏదో గెంతుతోందిరా" అనేలోపే కారు వెనకభాగం పక్కకి జారిపోయింది. గిర్రున తిరిగాం. గోడ వచ్చింది, ఆకాశం వచ్చింది, మళ్లీ గోడ వచ్చింది. ఆగేసరికి మేము వచ్చిన దారివైపే చూస్తున్నాం. నా పక్క అద్దంలోంచి చూస్తే రోడ్డు లేదు, చాలా కింద చెట్ల తలలు ఉన్నాయి. నా ప్రాణం ఎక్కడుందో నాకే తెలియలేదు.

వాడు స్టీరింగు వదల్లేదు. తరవాత నెమ్మదిగా అన్నాడు. "ఇందులో తను ఉండాల్సింది అమ్మా. తన కోసమని నా చేతులతో నేనే చేశాను."

పొడుగాయన తాడు కట్టి మమ్మల్ని అంచు మీద నుంచి ఇవతలికి లాగాడు.

షెడ్డుకి వచ్చాక మీ ఆయన ఒకటే మాట. "పాతవి మళ్లీ వేసెయ్యి. కొత్తవి రాలేదని తనకి నేను చెప్పుకుంటా."

"పాతవాటితో కిందటేడు ఆవిడ ఎలా బయటపడిందో మర్చిపోయావా?" అని పొడుగాయన కారు కింద దూరాడు. చాలాసేపటికి బయటికొచ్చి అన్నాడు, "స్ప్రింగుల తప్పు కాదిది. వెనకపక్క మనం మరీ బిర్రుగా బిగించేశాం. గతుకు మీద లేచిన చక్రం మళ్లీ నేలకి దిగడం లేదు. గాల్లో ఉన్న చక్రానికి పట్టేముంటుంది?" అని వెనక షాక్ అబ్జార్బర్లు వదులు చేశాడు, ఆ లావు కడ్డీ తీసి పాతది పెట్టాడు, నేల నుంచి కారు ఎత్తు కొంచెం పెంచాడు. తరవాత, నడిపి చూడమని కారు తాళం వాడి ముందుకి చాపాడు.

మీ ఆయన చేతులు జేబుల్లోంచి బయటికి రాలేదు. పొడుగాయన నడపాలంటే ఆ సీట్లో పట్టడు, మోకాళ్లు గడ్డానికి తగులుతాయి.

ఇప్పుడు అసలు సంగతి. వాడు దాచమన్నది ఒకటైతే, నా అంతట నేను దాచుకున్నది ఇదీ. తాళం నేను తీసుకున్నాను.

"అమ్మా, దిగు! మతి పోయిందా నీకు?"

"నువ్వు నడపవు, ఆయన పట్టడు. ఇది కుదిరిందో లేదో కోడలు పోటీలోనే చూసుకోవాలా? అన్నేళ్లు బేకరీ వ్యాను నడిపినదాన్నిరా నేను" అని బండి కదిలించాను. నాలుగడుగులు పోయానో లేదో తలుపు తీసుకుని పక్క సీట్లోకి దూకాడు. దారంతా తిట్లే. కొండ మొదలయ్యాక తిట్లు ఆపి, "బ్రేకు ముందే వెయ్యి, మలుపులో వెయ్యకు" అనడం మొదలుపెట్టాడు.

రాతిగోడ మలుపు మొదటిసారి నెమ్మదిగా దాటాను. వెనక్కి తిప్పి, ఈసారి కాస్త వేగంగా. ఆ తరవాత "ఇంకొంచెం" అన్నది వాడే. గతుకులు నడుముకి తగిలాయి గానీ వెనకభాగం గెంతలేదు, జారలేదు. రోడ్డుని పట్టుకునే వచ్చింది. భయంతో అరిచాననుకున్నాను, చూస్తే నవ్వుతున్నాను. ఇన్నాళ్లూ ఆ పోటీలు మానెయ్యమని నీ ప్రాణం తీశాను. ఇకముందు కూడా భయపడతాను గానీ, మానెయ్యమని మాత్రం అనను.

కొండ పైన ఆపితే వాడు దిగి ఇటు వచ్చి, "జరుగు అమ్మా" అన్నాడు. కిందికి వాడే నడిపాడు. నా కన్నా నెమ్మదిగా, పళ్లు బిగబట్టి. ఆ మలుపు దాటాక పక్కకి ఆపి, దిగి వెనక చక్రాలు రెండూ తడిమి చూసొచ్చాడు.

పాతవి షెడ్డులో భద్రంగా ఉన్నాయి. ఏవి ఉంచాలో నువ్వే నడిపి చూసి తేల్చుకో. ఈ సంగతంతా నువ్వొచ్చాక నీకు తనే చెబుతానంటున్నాడు. చెప్పేదాకా తెలియనట్టే ఉండు. ఓడ దిగేసరికి రేవులో నీకోసం ఆ కారే తెస్తాడట. అప్పుడు మాత్రం తాళం అడక్కు తల్లీ. పక్కన కూర్చో. మలుపు వచ్చినప్పుడు తలుపు పిడి పట్టుకోవాలనిపించినా సరే, చేతులు ఒళ్లోనే ఉంచుకో.

ఇట్లు,
నీ రాక కోసం ఎదురుచూసే
అత్తయ్య