మెట్టుకు వేసిన రాయి

ఉడుమలైపేట, మంగళవారం

చెరువులో పూడిక తీస్తుంటే పాత తెలుగు రాతలున్న రాయి ఒకటి బయటపడింది. ఇక్కడ అందరం ఇంట్లో తెలుగు మాట్లాడుకున్నా చదివింది తమిళమే. ఆ లిపి చదవగలిగేది నేనొక్కడినే. ఎమ్మెల్యే కాకముందు శాసనాలు చదవడమే కదా నా పని.

పూడిక తీస్తున్న మారక్క రాయి కడిగి, "అయ్యా, ఏమి రాసుండాది? మా వాళ్ళ పేరుండాదా?" అని అడిగింది. చెరువు తవ్వింది తమ పెద్దలేనని కూలీల వీధిలో చెప్పుకుంటారు. అది మా పూర్వీకుల పుణ్యమని చెప్పి గుడి ఉత్సవాల్లో తొలి మర్యాద అందుకునేది మా కులం వాళ్ళం.

రాయి మీద ఉన్నది వాళ్ళ పెద్ద పేరే. తొలి మర్యాద అతని వంశానికే ఇవ్వాలని కూడా ఉంది.

పక్కనే మా బావమరిది నా ముఖం చూస్తున్నాడు. ఎన్నికలు దగ్గర పడ్డాయి. మా వాళ్ళ ఓట్లు లేకపోతే నేను లేను.

"అరిగిపోయిండాదమ్మా, సదవను కాలేదు" అన్నాను. ఆమె కళ్ళలోకి చూడలేకపోయాను.

"మీకే కాకుంటే ఇంకెవురికి అవుతుందయ్యా" అంది మారక్క, నన్నే ఓదారుస్తున్నట్టు.

బావమరిది వెంటనే చెరువుకు మెట్లు కడుతున్న మేస్త్రీని పిలిచి, "అట్లయితే మెట్టుకు వేసెయ్" అన్నాడు. నేను కాదనలేదు. రాతలు కిందికి తిప్పి సిమెంటు వేశారు. మొదటి అడుగు నన్నే పెట్టమన్నారు.

పెట్టాను. అందరితో పాటు మారక్క కూడా చప్పట్లు కొట్టింది.