పైమెట్టున పెట్టని జావ

యూస్తోలియా అత్తయ్యా,

నీ కంటి కట్టు విప్పారని విని ప్రాణం లేచొచ్చింది. నువ్వొచ్చి తిట్టేలోపు నా తప్పు నేనే చెప్పేస్తున్నాను.

రాళ్ళగుడిని కాచే, కంటికి కనబడని చిన్నవాళ్ళకు శుక్రవారం తేనె కలిపిన మొక్కజొన్న జావ పైమెట్టున పెట్టమన్నావు కదా. పోయిన వారం ఆ ఎండలో ఎక్కలేక కిందిమెట్టు నీడలోనే పెట్టేశాను.

ఆ పొద్దున పూయెబ్లా నగరం నుంచి సైకిలు మీద వచ్చిన ఒక పంతులమ్మ గుడి చూడటానికి లోపలికి వెళ్ళింది. గేటు మూసే వేళైనా తిరిగి రాలేదు. నాతో కాపలా కాసే ఊక్ తాతా నేనూ "సైకిలమ్మా!" అని అరుస్తూ గుడి చుట్టూ అడవంతా గాలించాం. చివరికి కిందిమెట్టు దగ్గర కనబడింది. ఒళ్ళో మన జావ పోసిన సొరకాయ బుర్ర, ఖాళీగా.

"నీళ్ళయిపోయి కళ్ళు తిరిగాయండీ. లేవలేకపోయాను. ఇది ఎవరిదో ఏమో, చేతికందితే తాగేశాను," అని ఏడ్చింది.

"మీ అత్త నీ వీపు చీరేస్తుందిరా," అన్నాడు తాత, కళ్ళు తుడుచుకుని నవ్వుతూ.

మర్నాడు ఆమె సైకిలెక్కి చక్కగా వెళ్ళిపోయింది.

ఇన్నేళ్ళూ "ఆ జావ ఎవరు తాగుతారే?" అని నిన్ను ఏడిపించాను. ఇక అడగను. నిన్న నేనే జావ కాచి పైమెట్టు దాకా ఎక్కి పెట్టొచ్చాను. దిగివస్తూ కిందిమెట్టున ఇంకో బుర్రెడు జావ పెట్టాను.

నీ మేనల్లుడు