పలకరింపుకే పడిపోయే సర్వర్

జులై 8, మంగళవారం

పొద్దున సెక్యూరిటీ హెచ్చరికల అడ్వైజరీ మెయిల్ వచ్చింది. అడవి సెంటర్ల నర్సులను వీడియోలో డాక్టర్లతో కలిపే మా భద్రాచలం ఆసుపత్రి సర్వర్‌లో కనెక్షన్లకు తాళం వేసే సాఫ్ట్‌వేర్ పాతది. అందులో లోపం ఉందట. ఫోనూ సర్వరూ మాట్లాడుకునే ముందు ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. ఆ పలకరింపులో ఎవరైనా తప్పుడు మెసేజ్ పంపితే చాలు, సర్వర్ కుప్పకూలుతుంది. డేటా దొంగల పాలు కాదు. కానీ మా వాళ్లెవరూ కనెక్ట్ కాలేరు.

ఖమ్మంలో ఉండే మా ఐటీ హెడ్ రామ్‌చందర్ సార్‌కు ఫోన్ చేశాను. వానలు తగ్గాక అప్‌డేట్ చేద్దామన్నారు. పోయినసారి చేసినప్పుడు అడవి సెంటర్లలోని పాత ట్యాబ్‌లు కనెక్ట్ కాక అందరితో తిట్లు తిన్నాం. ఆయన భయం ఉత్తది కాదు. అయినా నా మనసు ఒప్పలేదు.

జులై 10

అన్న జైరాం అశ్వారావుపేట నుంచి ఫోన్ చేశాడు. పామాయిల్ గెలల ట్రాక్టర్లు బురదలో దిగబడ్డాయట. నీ సర్వర్ ఎట్లున్నదని అడిగాడు. ఇంకా దిగబడలేదన్నాను.

జులై 14, సోమవారం

దిగబడింది.

టీ తాగి వచ్చేసరికి సర్వర్ డౌన్. రీస్టార్ట్ చేశాను. కాసేపటికి మళ్లీ డౌన్. వచ్చిపోయిన కనెక్షన్లన్నీ సర్వర్ రాసిపెట్టుకునే లాగ్స్ చూశాను. ఎక్కడిదో ఒక అడ్రస్ నుంచి తప్పుడు పలకరింపు వస్తోంది, సర్వర్ పడుతోంది. బ్లాక్ చేస్తే ఇంకో అడ్రస్ నుంచి వచ్చింది. మా మీద ఎవరికీ పగ లేదు. ఇంటర్నెట్‌లో కనబడ్డ ప్రతి తలుపునూ తట్టి చూసే ప్రోగ్రాం ఏదో తిరుగుతున్నట్టుంది. దానికి భద్రాచలం అంటే ఏమిటో కూడా తెలియదు.

చర్ల దారిలో, వాగు అవతలి సెంటర్ నుంచి నర్సు సువర్ణక్క ఫోన్ చేసింది. "ఏంది చాందీ, స్క్రీన్ గుండ్రంగ తిరుగుతనే ఉన్నది, డాక్టర్ మేడం కనబడుతలేదు" అంది. రీస్టార్ట్ చేసి ఇచ్చాను. సార్‌కు మళ్లీ చెప్పాను. తాళం మొత్తం తీసేసి మామూలు కనెక్షన్ మీద నడపమన్నారు. అట్లా చేస్తే టీబీ రిపోర్టులు, పేర్లు, పాస్‌వర్డ్‌లు అన్నీ బట్టబయలు అవుతాయి. నేను ఒప్పుకోలేదు. రేపు మాట్లాడదామని పెట్టేశారు.

జులై 15, సాయంత్రం

వరసగా రాస్తాను.

మధ్యాహ్నానికి వాగు పొంగింది. సువర్ణక్క సెంటర్‌కు దారి లేదు. టవర్ పోయి ఫోన్లూ లేవు. డిష్‌తో వచ్చే శాటిలైట్ ఇంటర్నెట్ ఒక్కటే మిగిలింది. సుజన అనే అమ్మాయికి అక్కడే కాన్పయింది. బిడ్డ బాగుంది, తల్లికి రక్తం ఆగడం లేదు. ఇక్కడ డాక్టర్ శ్రీదేవి మేడం వీడియోలో ఒక్కొక్కటీ చెప్పి చేయిస్తున్నారు. మధ్యలో సర్వర్ పడింది. లేపాను. మళ్లీ పడింది. మళ్లీ లేపాను.

మేడం గదిలోకి వెళ్లాను. "మేడం, దానంతటది ఎప్పుడు పడుతదో తెల్వదు. మీరు సరే అంటే నేనే బంద్ చేసి అప్‌డేట్ పెడుత. అంతదాక అక్క కనబడదు" అన్నాను. ఎంతసేపని అడిగారు. గట్టిగా చెప్పలేనన్నాను. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

మేడం స్క్రీన్ వైపు తిరిగారు. "సువర్ణా, లైన్ పోతది, భయపడకు. ఇందాక చెప్పిన ఇంజెక్షన్ ఇయ్యి. నేను మళ్ల కనబడేదాక పొట్ట మీద చెయ్యి తియ్యకు, ఒత్తుతనే ఉండు." అక్క "అవ్ మేడం" అంది. మేడం నన్ను చూసి, "ఇగ కానియ్" అన్నారు.

సార్‌ను అడగలేదు. బంద్ చేశాను.

అప్‌డేట్ అయింది. సర్వర్ లేచింది. అక్క స్క్రీన్ రాలేదు. సార్ భయపడ్డదే జరిగింది: కొత్త సాఫ్ట్‌వేర్ అక్క పాత ట్యాబ్‌ను లోపలికి రానివ్వడం లేదు. మేడం వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డారు. పాత ట్యాబ్‌లను ఒప్పుకునే సెట్టింగ్ వెతికి ఒక లైన్ రాశాను. తప్పు పడింది. సరిచేసి రాశాను.

ముందు గొంతు వచ్చింది, తర్వాత బొమ్మ. సువర్ణక్క జుట్టంతా మొహాన పడి ఉంది. చెయ్యి పొట్ట మీదే ఉంది. "మేడం, తగ్గింది. తగ్గినట్టే ఉన్నది" అంది.

ఆ ప్రోగ్రాం మళ్లీ వచ్చి తట్టింది, లాగ్స్‌లో చూశాను. సర్వర్ పడలేదు.

జులై 16

పడవలో తల్లీబిడ్డలను తెచ్చారు. రక్తం ఎక్కిస్తున్నారు. గండం గడిచిందని మేడం చెప్పారు.

రామ్‌చందర్ సార్‌కు జరిగిందంతా చెప్పాను. అడగకుండా చేసినందుకు కోపం ఉందన్నారు. తర్వాత, నేను రాసిన ఆ సెట్టింగ్ లైన్ ఏదో పంపితే మిగతా సర్వర్ల మీద కూడా ఇవాళే అప్‌డేట్ పెట్టేద్దామన్నారు.

జులై 21

వార్డుకు వెళ్లాను. మందుల కోసం వచ్చిన సువర్ణక్క అక్కడే ఉంది. "లైన్ కట్ చేసిన పిల్ల గీమెనే" అని సుజనకు నన్ను చూపించింది. సుజన నన్ను కిందికీ పైకీ చూసి, "ఎందుకు కట్ చేసినవ్?" అని అడిగింది. తాళం సంగతి, పలకరింపు సంగతి అన్నీ చెప్పాను. అంతా విని, బిడ్డను నా చేతుల్లో పెట్టి, తీరిగ్గా అన్నం తినసాగింది.